‘సిస్టమ్ తీసుకుంటలేదు’ అన్నది ఎవరి మాట?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మీసేవ కేంద్రాల ముందు నిలబడే జనానికి బాగా తెలిసిన మాట "సిస్టమ్ తీసుకుంటలేదు". ఆదాయ ధ్రువపత్రం మంజూరై ఉంటుంది, డిజిటల్ సంతకమూ పడి ఉంటుంది, స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడుతుంటుంది. ఫైలు మాత్రం కిందికి దిగదు. బ్రౌజర్ పైమూలన ఓ త్రికోణం, పక్కన ఈ ఫైలు హాని చేయవచ్చనే హెచ్చరిక. ఆపరేటర్ రెండుసార్లు నొక్కి చూసి ఆ మాట అనేస్తాడు. పిల్ల చదువు కోసం వచ్చిన తల్లి "మళ్ల రేపు రావాల్నా బిడ్డా?" అని అడిగి వెళ్లిపోతుంది. దీన్ని సాంకేతిక చిక్కు అనుకుని వదిలేయొచ్చు. కానీ ఆ త్రికోణం వెనక ఉన్న ప్రశ్న మీద మన తార్కికులు వెయ్యేళ్లకు పైగా కొట్లాడుకున్నారు. ఒక జ్ఞానం కలిగితే దాన్ని నిజమని పట్టుకుని, తప్పని తేలినప్పుడే వదలాలా? నిజమని రుజువయ్యేదాకా అనుమానంలోనే ఉంచాలా? బ్రౌజర్‌కు అనుమానించే హక్కు ఉందని నేనూ ఒప్పుకుంటాను. కారణం చెప్పని అనుమానానికి మాత్రం మనిషి పనిని ఆపే హక్కు లేదు.

మొదటి పక్షం మీమాంసకులది. ఏడో శతాబ్దపు కుమారిల భట్టు దృష్టిలో ప్రామాణ్యం, అంటే జ్ఞానం నిజమై ఉండటం, ఆ జ్ఞానంతో పాటే పుడుతుంది. దాన్ని బయటినుంచి తెచ్చి అతికించనక్కర్లేదు. అప్రామాణ్యం మాత్రం బయటినుంచి రావాలి. దానికి ఆయన ఒప్పుకున్న దారులు రెండు: మొదటి జ్ఞానాన్ని కొట్టేసే మరో జ్ఞానం కలగడం, లేదా ఆ జ్ఞానం పుట్టిన చోట దోషం ఉందని తెలియడం. ఈ రెండూ లేకుండా ‘ఏమో, తప్పేమో’ అనుకోవడానికి ఆయన విలువ ఇవ్వలేదు. న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీన్ని తిప్పికొట్టారు. జ్ఞానం కలగడం ఒకటి, అది సరైనదని తెలియడం మరొకటి. రెండోది పరీక్ష మీద ఆధారపడుతుందని వాళ్ల వాదం. దేశమంతటా తర్కం మొదలుపెట్టే విద్యార్థికి చేతికిచ్చే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆ పుస్తకానికి తానే రాసుకున్న దీపిక వ్యాఖ్యలో ఆయన ఈ తగువును ఎత్తుకుని న్యాయపక్షం వైపు తీర్పు చెప్పాడు. కంప్యూటర్లు ఊళ్లలోకి వచ్చిన కొత్తలో బ్రౌజర్లు ఇంచుమించు మీమాంసకుల్లా ఉండేవి: అడిగిన ఫైలు ఇచ్చేసేవి, దోషం ఉంటే యాంటీవైరస్ తర్వాత చెప్పేది. ఇప్పుడవి నైయాయికులైపోయాయి. సురక్షితమైన పేజీ నుంచి పాత హెచ్‌టీటీపీ దారిలో వచ్చే ఫైళ్లను అంచెలంచెలుగా ఆపేస్తామని క్రోమ్ 2020లో ప్రకటించింది. పైన తాళం గుర్తు ఉన్న ప్రభుత్వ పేజీలో నొక్కిన లింకు కూడా ఒక్కోసారి ఆగిపోవడానికి ఇదొక కారణం. పేజీ కొత్త దారికి మారింది, దాని కింద ఫైలు ఉన్న చిరునామా పాత దారిలోనే మిగిలింది.

ఇలాంటి ఆటంకాన్ని నేను తప్పుపట్టను. ఎందుకంటే ఇక్కడ కుమారిలుడు అడిగిన కారణదోషం నిజంగానే ఉంది: ఆ దారిలో వచ్చే ఫైలును మధ్యలో ఎవరైనా మార్చేయగలరు. కానీ అదే తెర మీద, ఇంచుమించు అదే త్రికోణంతో వచ్చే మరో హెచ్చరిక ఉంది: ఈ ఫైలును మామూలుగా ఎక్కువమంది దించుకోరు, అందువల్ల ప్రమాదం కావచ్చు అనేది. ఇక్కడ దోషం ఏదీ కనబడలేదు. అరుదుగా ఉండటమే నేరమైంది. ఇంగ్లిష్‌లో కోట్లమంది వాడే ప్రోగ్రామ్‌కు ఈ చిక్కు రాదు. తెలుగు టైపింగ్ కోసం ఎవరో ఒక్కడు ఇంట్లో కూర్చుని చేసిన చిన్న కీబోర్డు ప్రోగ్రామ్‌కు వస్తుంది, ఎందుకంటే దాన్ని దించుకునేవాళ్లు వందల్లో ఉంటారు. డబ్బు కట్టి సంతకపు సర్టిఫికెట్ కొనే స్తోమత చేసినవాడికి ఉండదు. కొత్తగా పుట్టిన వైరస్ కూడా మొదట అరుదుగానే ఉంటుంది కాబట్టి ఈ లెక్కలో కొంత తెలివి ఉందని ఒప్పుకుంటాను. అయినా చిన్న భాషల వాళ్లు చేసిన పనులన్నీ పుట్టుకతోనే అనుమానితుల వరుసలో నిలబడతాయి. 2024లో క్రోమ్ తన హెచ్చరికలను రెండు మెట్లుగా విడదీసింది: ఖాయంగా ప్రమాదమని తేలినవి ఒకటి, ప్రమాదమో కాదో తెలియనివి మరొకటి. మన శాస్త్రంలో సంశయాన్నీ (ఎటూ తేలని జ్ఞానం) విపర్యయాన్నీ (తప్పు జ్ఞానం) వేరు చేసినట్టే ఇది. మంచి మార్పే. కానీ తెర చూసేవాడికి ఆ తేడా రంగులో తప్ప మాటల్లో చేరడం లేదు, అందునా తెలుగు మాటల్లో.

విండోస్ వేసే గుర్తు మరీ చిత్రం. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు అది కంటికి కనపడని చీటీ ఒకటి తగిలిస్తుంది. అందులో రాసి ఉండేది ప్రధానంగా ఒక అంకె, జోన్ 3 అని. ఈ ఫైలు బయటినుంచి వచ్చింది అని దానర్థం, అంతే. ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే అడుగున అన్‌బ్లాక్ అనే చిన్న గడి కనిపిస్తుంది. అందులో టిక్ పెడితే చీటీ ఊడిపోతుంది. అదే ఫైలును మామూలు ఫ్యాట్-32 పెన్‌డ్రైవ్‌లో వేసి మరో కంప్యూటర్‌కు తెస్తే ఆ చీటీ దానంతట అదే రాలిపోతుంది, ఫైలు పుట్టింటి నుంచి వచ్చినంత నిర్దోషిగా కనపడుతుంది. లోపలి సరుకు ఒక్క అక్షరం మారదు. ఎక్కడినుంచి వచ్చావు అన్న ప్రశ్నకు జవాబును, ఏం చేస్తావు అన్న ప్రశ్నకు జవాబుగా వాడుకుంటే వచ్చే తిప్పలివి.

ఇంకో రకం దోషం చూసేవాడి దగ్గరే ఉంటుంది. కామెర్ల రోగికి తెల్లని శంఖం పచ్చగా కనిపిస్తుందన్నది మన దార్శనికులు పదేపదే చెప్పే ఉదాహరణ. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. వెబ్‌సైట్ చూపించే సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. వెనక్కి వెళ్లిన గడియారానికి ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. దాంతో బ్రౌజర్ సైటును నమ్మనంటుంది. ఫైలు దాకా వెళ్లే మాటే లేదు. సైటు బాగానే ఉంది, ఫైలు బాగానే ఉంది, పచ్చదనం కంటిలో ఉంది. చవగ్గా దొరికే ఆ బిళ్లను మార్చి తేదీ సరిచేస్తే శంఖం తెల్లబడుతుంది. అనుమానానికి కారణం అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ‘ప్రమాదం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే దోషం దారిలో ఉందో, పంపినవాడిలో ఉందో, మన కంటిలో ఉందో ఎన్నటికీ తెలియదు.

సరే, ప్రతిదానికీ రుజువు అడుగుదాం అంటే, ఆ రుజువుకు రుజువేమిటి? ఈ ప్రశ్నను అందరికంటే కటువుగా అడిగినవాడు నాగార్జునుడు. ఆయన్ను సంప్రదాయం ముడిపెట్టిన శ్రీపర్వతం, ఇక్ష్వాకుల విజయపురి నల్లగొండ అంచున కృష్ణ లోయలోనే ఉండేవి. నందికొండ దగ్గర 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన డ్యామ్ పూర్తయ్యాక ఆ లోయ నీట మునిగింది, తవ్వి తీసిన శిల్పాలు దీవి మీది మ్యూజియానికి చేరాయి. నాగార్జునుడి పేరున నిలిచిన విగ్రహవ్యావర్తనిలో వాదం ఇలా నడుస్తుంది: ప్రమేయాలను (తెలుసుకునే విషయాలను) ప్రమాణాలు (తెలుసుకునే సాధనాలు) సిద్ధింపజేస్తే, ప్రమాణాలను ఏవి సిద్ధింపజేస్తాయి? వేరే ప్రమాణాలంటే అంతు ఉండదు. వాటంతట అవే అంటే ఆ వెసులుబాటు మిగతావాటికి ఎందుకు లేదో చెప్పాలి. ప్రమాణాలూ ప్రమేయాలూ ఒకదాన్నొకటి నిలబెడతాయంటే, కొడుకు వల్ల తండ్రి, తండ్రి వల్ల కొడుకు పుట్టినట్టు అవుతుంది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను అడోబ్ రీడర్‌లో తెరిచి చూసినవాళ్లకు ఇది పుస్తకాల గొడవలా అనిపించదు. సంతకం ఉన్నచోట పసుపు ప్రశ్నార్థకం ఉంటుంది, చెల్లుబాటు తెలియదని రాసి ఉంటుంది. దాన్ని ఆకుపచ్చ టిక్‌గా మార్చే పద్ధతి ఆధార్ సంస్థే చెబుతుంది: సంతకం వివరాలు తెరిచి, ఆ సర్టిఫికెట్‌ను నమ్మదగినవాటి జాబితాలో మనమే కలపాలి. అంటే నమ్మవచ్చా అని ప్రోగ్రామ్‌ను అడిగినవాళ్లం మనం. నమ్ము అని దానికి చెప్పినవాళ్లమూ మనమే. ఆ తర్వాత అది మనకు పచ్చ టిక్ చూపించి భరోసా ఇస్తుంది.

మొత్తం ఇంటర్నెట్ నమ్మకం ఇదే గొలుసు మీద వేలాడుతోంది. సైటు సర్టిఫికెట్‌కు పైన మరో సంస్థ సర్టిఫికెట్, దానిపైన మూల సర్టిఫికెట్. మూలానికి పైన ఎవరూ లేరు, తన సంతకం తానే చేసుకుంటుంది. దాన్ని నమ్మడానికి కారణం ఒక్కటే: బ్రౌజర్ చేసినవాళ్లో, విండోస్ చేసినవాళ్లో తమ జాబితాలో పెట్టుకున్నారు. ఐటీ చట్టం 2000 కింద మన దేశంలో ఆ మూలం కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ చేతిలో ఉంది. 2014 జులై 2న గూగుల్ తన డొమైన్ల పేరు మీద, తనకు తెలియకుండా, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అధికారంతో జారీ అయిన సర్టిఫికెట్లను పసిగట్టింది. మర్నాడే కంట్రోలర్ ఆ మధ్య సర్టిఫికెట్లను రద్దు చేశారు. జారీ ప్రక్రియలో చొరబాటు జరిగిందనీ, తప్పుగా పుట్టినవి నాలుగేననీ కంట్రోలర్ చెప్పారు; ఆ నాలుగింట్లో లేనివి కూడా తమ కంటపడ్డాయని, కాబట్టి చొరబాటు ఎంతదాకా సాగిందో తెలియదని గూగుల్ జవాబిచ్చింది. క్రోమ్ ఆ తర్వాత భారత మూల సర్టిఫికెట్‌ను ప్రభుత్వ, విద్యాసంస్థల డొమైన్లు, మరికొన్ని చిరునామాల వరకే పరిమితం చేసింది. ఒక దేశపు మూలప్రమాణం ఒక కంపెనీ నిర్ణయంతో పొట్టిదైపోయింది. ఇందులో అవమానం చూసేవాళ్లున్నారు. నాకు కనిపించేది వేరు: ఆ నిర్ణయానికి కారణం ఉంది, ఆ కారణం బయటికి చెప్పారు, ఎదుటివాళ్ల లెక్కను ఎందుకు ఒప్పుకోవడం లేదో కూడా చెప్పారు. అనుమానం మర్యాదగా నడుచుకున్న సందర్భమది.

అయితే నమ్మకానికి పునాది లేదనా, ఎవరిష్టం వాళ్లదనా అని అడగొచ్చు. నాగార్జునుడు కూడా అంతదూరం పోలేదు. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థం చెప్పడం కుదరదని ఆయన ఒప్పుకున్నాడు. స్వతస్సిద్ధమైన పునాది లేదంటే, ఉన్నది మనుషులు కుదుర్చుకున్న ఒప్పందమని అర్థం. ఒప్పందానికి బాధ్యులుంటారు, దాన్ని సరిచేయొచ్చు. కుమారిలుడు ఎదుటి ఒడ్డు నుంచి ఇంచుమించు ఇక్కడికే వచ్చాడు: అనుమానం వస్తే మూడు, నాలుగు జ్ఞానాల వరకు చూడు, అంతకు మించి తవ్వకు అన్నాడు. దించుకునే ఫైలు విషయంలో ఆ మూడు నాలుగు ఏవో చెప్పడం కష్టమేమీ కాదు: చిరునామా సరైనదేనా, దారి సురక్షితమేనా, నేను అడిగిన ఫైలేనా, ఆపినవాడు చెప్పే కారణం ఏమిటి.

అసలు చిక్కు ఆ చివరి ప్రశ్న దగ్గరే. వేదానికి కర్త లేడు కాబట్టి దోషం లేదని మీమాంసకులు అన్నారు, ఎందుకంటే దోషాలు మనుషుల నుంచే వస్తాయి. ఆ సిద్ధాంతం వేదం విషయంలో నిలుస్తుందా లేదా అన్నది వేరే చర్చ. మనం మాత్రం తెలియకుండానే దాన్ని తెర మీది వాక్యానికి అంటగట్టాం. "సిస్టమ్ తీసుకుంటలేదు" అన్న మాటకు కర్త లేడు. ఆపరేటర్ అనలేదు, తహసీల్దారు అనలేదు, హైదరాబాద్‌లో ఎవరూ అనలేదు. అందుకే దానితో తగువు పెట్టుకోవడం కుదరదు. ఈ నేలకు కర్త కనపడే అధికారం బాగా తెలుసు. పట్వారీ రాసిందే రాతగా నడిచిన కాలంలో కూడా రాసినవాడి ముఖం తెలిసేది. అతనిమీద కోపగించుకోవచ్చు, బతిమాలొచ్చు, సంఘం పెట్టి ఎదిరించొచ్చు. నల్లగొండ ఆ చివరి పని చేసి చూపించింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది, 2020లో గ్రామ రెవెన్యూ అధికారులు (వీఆర్వోలు) పోయారు, ఆ ఏడాదే అక్టోబర్ 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడు మొదట ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన మద్దూరు ఒకటి. పోర్టల్ పేరు మారింది, చట్టం మారింది. తెర మీది వాక్యానికి కర్తను నిలబెట్టే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. పల్లెలో మామూలు మనిషి గొలుసులు, జోన్‌లు చూసుకోలేడు. బ్రౌజర్ వద్దంటే వద్దు అనుకోవడమే అతనికి క్షేమం అంటారు. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లను (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేవాటిని) చూస్తే ఈ మాటలో బలం తెలుస్తుంది. నైయాయికుల పరీక్ష ఫలితాన్ని బట్టి జరుగుతుంది: జ్ఞానాన్ని నమ్మి పనికి పూనుకుంటే ఆ పని ఫలించాలి. గద్వాల పత్తి విత్తనాల ఉత్పత్తికి పేరున్న చోటు. ఆ చుట్టుపక్కల రైతుకు కూడా నకిలీ విత్తనం నకిలీదని తెలిసేది కాయ పట్టాల్సిన నెలలోనే, అప్పటికి దున్నకం, ఎరువు, వాన అన్నీ అయిపోతాయి. ఏపీకే ఫైలు ఇంకా అన్యాయం, అది కాయ పట్టేదాకా ఆగదు. ఓటీపీలు చదువుకుని రాత్రికి రాత్రి ఖాతా ఊడ్చేస్తుంది. ఫలితం చూసి నమ్ముదాం అనే పరీక్ష ఇక్కడ పనికిరాదు. కాబట్టి ముందే ఆపడం అవసరమే, ఇక్కడ నేను పూర్తిగా బ్రౌజర్ పక్షం.

కానీ ఈ అభ్యంతరం రెండు వేర్వేరు విషయాలను ఒకే మూట కడుతుంది. తెరిచి చదివే పీడీఎఫ్ వేరు, ఫోన్‌లోకి చొరబడి నడిచే ఏపీకే వేరు. తప్పితే కోలుకోగలిగే చోట అనుమానం తగ్గించుకోవచ్చు, కోలుకోలేని చోట పెంచుకోవాలి. అన్నిటికీ ఒకే గొంతుతో అరిచే హెచ్చరికను జనం మూడోసారి వినరు. ధ్రువపత్రం కోసం రోజూ హెచ్చరిక దాటి ‘కీప్’ నొక్కడం అలవాటైన వేలు, రేపు ఏపీకే వచ్చినప్పుడూ అదే నొక్కుతుంది. కారణం లేని ఆటంకం అలా కారణమున్న ఆటంకం పరువు కూడా తీస్తుంది. ఇక లొంగిపోవడం క్షేమం అన్న మాటకూ ఒక ఖరీదుంది. గడువు దాటిన స్కాలర్‌షిప్, పాసుపుస్తకం కాపీ లేక ఆగిన పంట రుణం ఏ భద్రతా నివేదికలోనూ నష్టం కింద రాయరు.

వేదప్రామాణ్యం కోసం పుట్టిన వాదాలను పీడీఎఫ్ దాకా దించడం అపచారమని కొందరు అనవచ్చు. కుమారిలుడు రోజువారీ సంగతులతోనే తన వాదం కట్టాడు. మనం దించిందేమీ లేదు. పైగా ఎవరి మాట నమ్మదగింది, అంటే ఆప్తుడెవరు అన్న ప్రశ్నకు న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన జవాబు ఈ సందర్భానికి చేసిపెట్టినట్టు ఉంటుంది. విషయాన్ని తానే సాక్షాత్తుగా తెలుసుకుని, తెలుసుకున్నది తెలుసుకున్నట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు ఆప్తుడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా లక్షణం ఒక్కటే అన్నాడాయన. పుట్టుకనూ హోదానూ పక్కనబెట్టి తెలుసుకున్న సంగతినీ చెప్పే నిజాయితీనీ మాత్రమే చూశాడు. ఆ కొలతతో చూస్తే కాలిఫోర్నియాలో కూర్చున్న కంపెనీ వైరస్‌ల విషయంలో ఆప్తమే. ప్రపంచమంతటా ఏ ఫైలు ఎవరిని ముంచిందో దానికి తెలుసు. కానీ ఈ ధ్రువపత్రం ఎవరు జారీ చేశారో దానికి తెలియదు, కేంద్రంలోని ఆపరేటర్‌కు తెలుసు. ఆపరేటర్‌కు వైరస్ సంగతి తెలియదు. ఎవరికి తెలిసినంత మేరకు వాళ్లు ఆప్తులు. తెలియని చోట నోరు విప్పినప్పుడు ఎవరైనా ఆప్తత్వం కోల్పోతారు, అందులో కంపెనీకి మినహాయింపు లేదు.

అందుకని రాష్ట్ర ఐటీ శాఖకు ఒక విన్నపం. మీసేవలోనూ భూభారతిలోనూ ఫైళ్లు దించే లింకుల్లో పాత హెచ్‌టీటీపీ చిరునామాలు ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేయండి. ఫైలు ఆగినప్పుడు ఎందుకు ఆగింది, ఎవరిని అడగాలి అన్నది తెలుగులో రాసిన ఒక పేజీ పెట్టండి. కేంద్రాలు నడిపే తమ్ముళ్లు, చెల్లెళ్లు "సిస్టమ్ తీసుకుంటలేదు" అనే ముందు కంప్యూటర్ తేదీ చూడండి, పాపప్ ఆగిందేమో చూడండి, కనపడిన కారణం వచ్చినవాళ్లకు చదివి చెప్పండి. వచ్చినవాళ్లు "ఎందుకు తీసుకుంటలేదు?" అని అడిగితే విసుక్కోకండి, అది వాళ్లు అడగాల్సిన ప్రశ్నే. వాట్సాప్‌లో ఏపీకే ఎవరు పంపినా, సొంత బావమరిది పంపినా, ఏ ప్రశ్నా లేకుండా తీసేయండి; ఈలోపే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.